పసుపు బండ దగ్గరి నల్లరాయి

అనగనగా ఒక తుమ్మల అడవి. ఆ అడవి అయిపోయిన చోట ఒక ఎడారి. ఎడారి అంటే వట్టి ఇసుకే అనుకునేరు. అక్కడ ఇసుక తక్కువ, బండలు ఎక్కువ. ఒక బండ కుంకుమ రంగు, ఒక బండ పసుపుకొమ్ము రంగు, ఇంకొకటి అరగదీసిన గంధం రంగు. కొన్నిటికైతే చీర అంచుల్లాగా చారలు చారలు. వాటన్నిటికీ అవతల, చిట్టచివర, ఊదా బండ ఉంది. పొద్దు మారేకొద్దీ దాని రంగు మారుతుందని చెప్పుకునేవాళ్లు.

చెప్పుకోవడమే గానీ అడవివాళ్లలో చూసినవాళ్లు లేరు. అడవిలో ఎవరికి తీరిక దొరికినా తూర్పున ఉన్న జలపాతానికే పోయేవాళ్లు. అక్కడ నీళ్లుంటాయి, నీడ ఉంటుంది, తెలిసినవాళ్లు నలుగురు కనపడతారు. పడమటి రంగుబండలకి పనిగట్టుకుని ఎవరు పోతారు?

ఆ రంగుబండల మొదట్లో ఒక ముసలి ఉడుము కాపలా ఉండేవాడు. ఆయన పేరు గట్టయ్య. లోపల దారి మెలికలు మెలికలుగా పోతుంది. బండల మధ్య సందులు ఎటు చూసినా ఒక్కలాగే ఉంటాయి. అందుకని గట్టయ్య వయసులో ఉన్నప్పుడే మలుపు మలుపుకీ ఒక గుర్తురాయి పెట్టాడు. ఎర్ర బండ మీద పచ్చ రాయి, పసుపు బండ మీద నల్ల రాయి. బండ రంగులో కలిసిపోకుండా, దూరం నుంచే కనపడేలాగ.

ఎవరైనా లోపలికి పోతానంటే ఆయన చెప్పేది ఒకటే మాట.

"రాయి ఏ పక్కనుంటే ఆ పక్కకి తిరుగు. రాయి లేని చోట తిన్నగా పో. అంతే."

ఆ అడవిలోనే చెంగలి అని ఒక కుందేలు ఉండేది. మంచిదే. పని చురుకు, నడక చురుకు. కానీ పక్కింటి కౌజుపిట్ట గుమ్మం చూసినప్పుడల్లా దానికి మనసు మనసులో ఉండేది కాదు. ఆ పిట్టని అందరూ కౌజక్క అనేవాళ్లు. కౌజక్క మూడుసార్లు జలపాతానికి పోయి, మూడుసార్లూ గవ్వలు ఏరుకొచ్చి గుమ్మం ముందు పేర్చుకుంది. వచ్చినవాళ్లందరూ అక్కడ ఆగి, "ఎక్కడివమ్మా ఇవి?" అని అడిగేవాళ్లు. కౌజక్క మళ్లీ మొదటినుంచీ చెప్పేది.

"నేను ఎవరూ పోని చోటికి పోతా. ఊదా బండ చూసొస్తా," అంది చెంగలి ఒకరోజు.

"పోయిరా తల్లీ," అంది కౌజక్క. "కానీ పోయొచ్చావని ఎవరు నమ్ముతారు? నా దగ్గరైతే గవ్వలున్నాయి."

ఆ మాట చెంగలికి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే నార సంచి భుజాన వేసుకుని, సొరబుర్రలో నీళ్లు పోసుకుని బయలుదేరింది. గట్టయ్య దగ్గరికి వచ్చేసరికి అక్కడ అప్పటికే ఒక మెట్టతాబేలు ఉంది. ముసలిది. పేరు నిమ్మళమ్మ. ఆమె గట్టయ్యతో మాట్లాడుతోంది.

"ఊదా బండ చూడాలని ఏడేళ్లుగా అనుకుంటున్నానయ్యా. ఒక ఏడు వాన పడదు, ఒక ఏడు కాళ్లు పడవు. రెండూ కుదిరింది ఈ ఏడే. ఇవాళ పోతా, రేపు పొద్దుగూకేలోపు వచ్చేస్తా."

"నెమ్మదిగా పోమ్మా," అన్నాడు గట్టయ్య.

"నెమ్మదిగా తప్ప ఇంకోలా పోవడం నాకేం తెలుసు?" అని నవ్వింది నిమ్మళమ్మ.

చెంగలి ఆమెను దాటుకుని చెంగుచెంగున దూకుతూ పోయింది. పన్నెండు మలుపులు తిరిగింది. పొద్దు నడినెత్తికి రాకముందే ఊదా బండ కిందికి చేరింది. తల ఎత్తి ఒకసారి చూసి, "అబ్బో!" అంది. వెంటనే తల దించి, పట్టుకుపోవడానికి ఏమైనా ఉందా అని నేల మీద వెతకడం మొదలుపెట్టింది.

నేల మీద అన్నీ నలిగిన రాళ్లే. పిడికెడు తీస్తే పొడి అయిపోతున్నాయి. అప్పుడు కనపడింది చివరి మలుపు గుర్తురాయి. పాలు గడ్డకట్టినట్టు తెల్లగా ఉంది.

"ఇది గుర్తురాయి కదా," అనుకుంది చెంగలి. మళ్లీ తనే, "ఇక నాకు దీనితో పనేముంది? నేను వచ్చేశాను. వెళ్లే దారి నా కాళ్లకి తెలుసు," అనుకుంది. రాయి తీసి సంచిలో వేసుకుంది.

తిరిగి వస్తూ ఎర్ర బండ దగ్గర ఆగింది. అక్కడి పచ్చరాయి చిలక రెక్కలాగా ఉంది. "తెల్లదాని పక్కన ఇదుంటే ఎంత బాగుంటుంది!" అనుకుంది. అదీ సంచిలోకి వెళ్లింది.

ఇంకా ఇవతలికి వచ్చి పసుపు బండ దగ్గర ఆగింది. అక్కడి నల్లరాయి నూనె రాసినట్టు మెరుస్తోంది. ఈసారి చెంగలి ఏమీ అనుకోలేదు. చెయ్యి చాపింది, తీసింది.

రెండు గెంతులు వేసిందో లేదో, ఎదురుగా నిమ్మళమ్మ వస్తోంది. మూతి నిండా ఎర్ర దుమ్ము.

"ఏమే పిల్లా, అప్పుడే తిరిగొచ్చేశావా! అవి కాళ్లా, గాలా?"

"అలవాటు అవ్వా," అంది చెంగలి. సంచిని వీపు వెనక్కి జరుపుకుంది.

"ముందు గుర్తులు సరిగ్గా ఉన్నాయా అమ్మీ? నా కంటికి ఈమధ్య దూరం ఆనడం లేదు."

చెంగలి వెనక్కి తిరిగి చూసింది. పసుపు బండ అక్కడే ఉంది. రెండు గెంతులే. పోయి పెట్టెయ్యొచ్చు. కానీ అవ్వ చూస్తూ ఉండగా సంచి విప్పాలి. "ఎందుకు తీశావే?" అని అడిగితే ఏం చెప్పాలి?

"ఉన్నాయవ్వా," అంది.

"అయితే ఇంకేం," అంది నిమ్మళమ్మ. తన దారిన తను కదిలింది.

చెంగలి ఇంకోసారి వెనక్కి చూడలేదు. బయటికి వచ్చాక గట్టయ్య అడిగాడు.

"ఎలా ఉంది పిల్లా? నా రాళ్లు అన్నీ కుదురుగా ఉన్నాయా? ఈమధ్య నేను అంత దూరం పోలేకపోతున్నా."

"ఉన్నాయి తాతా," అంది చెంగలి. అవ్వతో మొదటిసారి అబద్ధం చెప్పడానికి కొంచెం ఆలోచించింది. రెండోసారి ఆలోచించలేదు.

ఇంటికొచ్చి మూడు రాళ్లూ గుమ్మం ముందు పేర్చింది. కౌజక్క వచ్చి చూసింది. అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది.

"బాగానే ఉన్నాయి," అంది. కౌజక్క నోట్లోంచి ఆ మాట రావడం చిన్న సంగతి కాదు.

ఒకరోజు గడిచింది. నిమ్మళమ్మ తిరిగి వస్తానన్న పొద్దు గూకిపోయింది. ఆమె రాలేదు.

మూడో రోజు తెల్లారగానే గట్టయ్య అడవిలోకి వచ్చాడు. ఆయన కాపలా వదిలి రావడం అందరూ అదే మొదటిసారి చూడటం. గబగబా అందరూ చేరారు. చెంగలి మాత్రం ముందు గుమ్మం దగ్గరికి పోయి, రాళ్ల మీద ఎండుటాకులు కప్పి, అప్పుడు వచ్చింది.

"నిమ్మళమ్మ రాలేదు," అన్నాడు గట్టయ్య. "పైనుంచి చూస్తే ఆ సందుల్లో ఏమీ కనపడదు. ఒక్కొక్క సందూ వెతకాలంటే నాలుగు రోజులు పడుతుంది. ఈ ఎండకి ఆమె నాలుగు రోజులు ఆగదు. చెంగలీ, చివరగా ఆ దారిన పోయొచ్చింది నువ్వే. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. అన్ని మలుపుల్లోనూ రాళ్లు ఉన్నాయా?"

అందరూ చెంగలి వైపు చూశారు. కౌజక్క కూడా చూసింది.

"ఉన్నాయి తాతా. అన్నీ ఉన్నాయి," అంది చెంగలి.

గట్టయ్య ఉత్తరాన ఉన్న కొండ వైపు తిరిగాడు.

"అయితే ఆమె దారి తప్పలేదు. ఊదా బండ దాకా పోయే ఉంటుంది. అవతల గుట్టల్లోకి దిగి ఉంటుంది. సందుల్లోంచి ఎందుకు, కొండ చుట్టి పోదాం. అటునుంచి దగ్గర. పదండి."

అందరూ ఉత్తరం వైపు కదిలారు. చెంగలి కదల్లేదు. పసుపు బండ దగ్గర రాయి లేకపోతే అవ్వ ఏం చేస్తుంది? తిన్నగా పోతుంది. గట్టయ్య చెప్పిన మాట ప్రకారం తిన్నగా పోతుంది. వీళ్లేమో కొండ చుట్టి ఇంకో పక్కకి పోతున్నారు. ఆ పక్కన అవ్వ లేదు. ఆ సంగతి ఈ అడవి మొత్తంలో తెలిసినది తనొక్కతే.

ఇంటి వైపు పరుగెత్తింది. ఎండుటాకులు తోసేసింది. మూడు రాళ్లూ సంచిలో వేసుకుని వెనక్కి పరుగెత్తింది. కొండ మొదట్లో వాళ్లను అందుకుంది. ఆయాసపడుతూనే అరిచింది.

"తాతా, ఆగు. ఇటు కాదు. పసుపు బండ దగ్గర రాయి లేదు. నేనే తీశాను. ఇంకా రెండు తీశాను."

సంచి కింద బోర్లించింది. రాళ్లు దొర్లాయి.

ముందు కౌజక్కే నోరు విప్పింది. "నేనూ ఏరుకున్నానమ్మా. ఏటి గట్టున గవ్వలు ఏరుకున్నా. ఎవరి దారీ ఏరుకోలేదు."

గట్టయ్య తిట్టలేదు. "పసుపు బండ దగ్గర మలుపు కుడికి," అన్నాడు. "తిన్నగా పోతే జారుడు ఇసుక ఉంది. పదండి, తొందరగా."

వెళ్లి చూస్తే అక్కడే ఉంది నిమ్మళమ్మ. జారుడు అడుగున వెల్లకిలా పడి ఉంది. తాబేలు వెల్లకిలా పడితే తనంతట తను లేవలేదు పిల్లలూ. నాలుగు కాళ్లూ పైకి ఉన్నాయి. ఏ కాలూ ఆడటం లేదు.

చెంగలి అందరికంటే ముందు దూకింది. భుజం పెట్టి తోసింది. కదల్లేదు. మళ్లీ తోసింది. కొంచెం ఊగి, మళ్లీ అలాగే పడింది. అప్పటికి గట్టయ్య దిగాడు. ఆయన గోళ్లు బండ సందులో గుచ్చి, తోకను తాబేలు చిప్ప కిందికి పోనిచ్చి, "ఇప్పుడు తోయండి," అన్నాడు. మూడోసారికి నిమ్మళమ్మ బోర్లా తిరిగింది.

సొరబుర్రలో నీళ్లు ఆమె మూతికి పెట్టారు. చాలాసేపు నీళ్లు పక్కల నుంచి కారిపోయాయి. తర్వాత గొంతు కదిలింది.

"రాయి కనపడలేదు," అంది నిమ్మళమ్మ. "నా కళ్లే ఆనలేదనుకున్నా."

"నీ కళ్లది తప్పు కాదవ్వా," అంది చెంగలి. "నువ్వు అడిగినప్పుడు రాయి నా సంచిలో ఉంది."

నిమ్మళమ్మ దాని వైపు చూసింది. మళ్లీ నీళ్లకి మూతి చాపింది.

ఆమె బతికింది. కానీ కింద పడినప్పుడు కుడి ముందుకాలు మడతపడిపోయింది. అది ఇక సరిగ్గా ఆనదని గట్టయ్య చూడగానే చెప్పాడు. ఆమెను చాప మీద పెట్టి నెమ్మదిగా లాక్కొచ్చారు. ఈలోగా గట్టయ్య, చెంగలి పోయి మూడు రాళ్లూ ఎక్కడివి అక్కడ పెట్టి వచ్చారు.

వారం పోయాక చెంగలి నిమ్మళమ్మ ఇంటికి లేత తోటకూర పట్టుకుని పోయింది. నిమ్మళమ్మ పొద చాటున ఎండలో కూర్చుని ఉంది.

"అవ్వా, కాలు కొంచెం కుదుటపడ్డాక నేను తీసుకుపోతా. చాప మీద లాక్కుపోతా. ఊదా బండకి ఇంకా ఏడు మలుపులే మిగిలాయి."

"ఆ జారుళ్లలో చాప ఎక్కడ లాగుతావే? అయిపోయింది. ఇక నాకు ఆ బండ లేదు." నిమ్మళమ్మ తోటకూర ఆకు ఒకటి కొరికి, నమలడం మొదలుపెట్టింది. "పోనీలే. నువ్వు చూశావుగా. కూర్చుని చెప్పు, వింటా. ఎలా ఉంటుంది ఊదా బండ?"

చెంగలి కూర్చుంది. చెప్పడానికి నోరు తెరిచింది.

తెల్లరాయి గుర్తొచ్చింది. అది ఎంత ఉందో, ఎంత చల్లగా ఉందో, దాని అడుగున ఎక్కడ మరక ఉందో కూడా గుర్తొచ్చింది. బండ మాత్రం రాలేదు.

"ఊదాగా ఉంటుందవ్వా."

"అది పేరులోనే ఉంది కదే. ఇంకా?"

"పెద్దది."

"ఎంత పెద్దది? చారలున్నాయా? ఎండ పడినప్పుడు ఏ రంగులోకి తిరుగుతుంది?"

చెంగలి చెవులు రెండూ కిందికి వాలిపోయాయి.

"నేను సరిగ్గా చూడలేదవ్వా," అంది.

నిమ్మళమ్మ నమలడం ఆపింది.

"అయ్యో," అంది. "అయితే మన అడవిలో దాన్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరన్నమాట."

అని, తల నెమ్మదిగా చిప్పలోకి తీసుకుంది. చెంగలి పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది.

నీతి: మన నడక అయిపోయిందని దారిగుర్తును తీసెయ్యకూడదు, మన వెనక ఇంకా ఎవరో నడిచి వస్తూ ఉంటారు. తెలియక తీసినా, తెలిసి తీసినా, అడిగిన మొదటిసారే ఆ మాట చెప్పెయ్యాలి.