రెండో చెయ్యి

ఆ కరువులో ఎండిపోనిది దొరగారి బావి ఒక్కటే. నేతవాడ తరఫున ఓబుళమ్మ వెళ్లి నీళ్లడిగితే దొర నవ్వాడు.

"ఒంటిచేతి మీద ఎంతవరకు లెక్కపెడితే అన్ని కడవలు తోడుకో. కణుపులు లెక్కపెట్టడం కుదరదు. వేలు ఎత్తాలి, లేదా ముడవాలి."

ఓబుళమ్మ బొటనవేలెత్తి ఒకటంది. అది ముడిచి, చూపుడువేలెత్తి రెండంది. రెండూ ఎత్తి మూడంది. మధ్యవేలొక్కటే ఎత్తి నాలుగంది.

"ఇదేం లెక్కే!"

"అవే పోగుల్ని రకరకాలుగా లేపితేనే గదా దొరా, చీర మీద ఇన్ని పూలు? ఒక్కో వేలూ ముందుదానికి రెట్టింపు."

అయిదు వేళ్లూ లేచేసరికి ముప్పై ఒకటైంది. వాడలో ఇంటికో కడవ! ఓబుళమ్మ కళ్లు చెమర్చాయి. రెండో చెయ్యి కూడా పైకి లేచింది.

"ఆగవే! ఒంటిచెయ్యే అన్నాను!" దొర అదిరిపడ్డాడు.

"ఒంటిచేత్తో దణ్ణమెట్లా పెట్టేది, దొరా?"