ఎక్కడికీ పోని పరుగు

అనగనగా ఒక ఊళ్ళో ముగ్గురే మనుషులు. ఆ ఊరు నేల మీద లేదు కన్నా, ఆకాశంలో భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి షాహిన, మన ఆదోని పిల్ల. ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్ళింది.

అక్కడ మనుషులకి బరువు తెలియదు. నడవక్కర్లేదు, తేలితే చాలు. కానీ కాళ్ళకి పని లేకపోతే కండ కరిగిపోతుంది, ఎముక గుల్లబారిపోతుంది. అందుకని రోజూ రెండు గంటలు కసరత్తు చెయ్యాలి. రబ్బరు పట్టీలతో ఒంటిని యంత్రానికి కట్టేసుకుని, దాని మీద పరిగెత్తాలి. పట్టీలు భుజాల్ని ఒరుసుకునేవి. చెమట కారేది కాదు, ముద్దలా నుదుటికే అతుక్కునేది.

నాలుగు నెలలు పరిగెత్తింది పాపం. అప్పుడు విసుగు పుట్టింది. ఒకరోజు గంటకే ఆపేసింది. మర్నాడు పావుగంటకి. ఆ తర్వాతి రోజు పట్టీలే కట్టుకోలేదు, పడుకునే సంచిలో దూరి కదలకుండా ఉండిపోయింది.

అప్పుడు కింద భూమ్మీంచి రేడియోలో తాయారమ్మ పలకరించింది. పైకెళ్ళినవాళ్ళ చేత కసరత్తు చేయించేది ఆవిడే.

"ఏం తల్లీ, ఇవాళ లేవలేదే?"

"ఓపిక లేదక్కా. రోజూ పరిగెత్తుతాను, ఎక్కడికీ పోను."

తాయారమ్మ మెల్లిగా అంది. "ఇదివరకు ఒకబ్బాయీ ఇలాగే అన్నాడు. అలిసిపోయాడు కదా అని ఊరుకున్నాను. కిందికొచ్చిన వారానికి తూలి పడ్డాడు, తుంటి విరిగింది. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తాడు. చెప్పీ చెప్పీ నాకూ నోరు నొప్పెడుతోందమ్మా. కానీ నీ విషయంలో ఊరుకోలేను."

షాహిన సంచిలోంచి బయటికొచ్చి పట్టీలు బిగించుకుంది. సరదా ఏం పుట్టలేదు కన్నా, విసుగ్గానే పరిగెత్తింది. మర్నాడూ అంతే. అలా ఇంకో రెండు నెలలు.

ఆ తర్వాత వాళ్ళ నౌక నేలకి దిగింది. ఇద్దరు మనుషులు ఆమెని ఎత్తుకోబోయారు. "ఉండండి, నడుస్తాను" అంది. ఒళ్ళు తడిసిన బస్తాలా ఉంది. ఒక అడుగు వేసింది, మోకాళ్ళు వణికాయి. రెండో అడుగు వేసింది, కళ్ళు తిరిగాయి. మూడో అడుగు కూడా వేసి, అక్కడే గడ్డిలో కూలబడింది.

తాయారమ్మ గబగబా వచ్చి, తనూ పక్కన చతికిలబడింది.

"అలిసిపోయావా?"

"అలిసిపోయానక్కా."

"నేనూనమ్మా."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఆ పూట వాళ్ళని లేవమని ఎవ్వరూ అనలేదు.

కథేమో కంచికి, మన కాళ్ళేమో మంచానికి.