వాపు లేని ఎలుక

ప్రభుదాసు అక్కకు కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయాయి. కూతురికి జడ వేయలేక ఏడుస్తోంది.

శత్రువెవరో ప్రభుదాసుకు తెలుసు. ఎన్ఎఫ్-కప్పా-బి. ఒంట్లోకి రోగక్రిమి వస్తే జన్యువుల్ని నిద్రలేపి వాపును రగిలించే ప్రొటీన్. పనయ్యాక ఊరుకోకపోతే సొంత కీళ్ళనే తింటుంది, కేన్సర్ కణాలను చావనివ్వదు. దాన్ని పూర్తిగా అణిచేసే మందు ప్రయోగశాలలో తయారుచేశాడు. కాళ్ళు వాచిన ఎలుకలు మళ్ళీ గంతులేశాయి.

"ఇది అక్కకు పట్టుకెళ్తున్నాను మేడమ్," అన్నాడు, సీసా జేబులో వేసుకుంటూ.

గురువు మెహరున్నీసా తలెత్తలేదు. "అది ఇంకా మనుషుల దాకా రాలేదు."

"ఎప్పటికి వస్తుంది? పేదవాళ్ళ వేళ్ళన్నీ వంగాకా? మీ జాగ్రత్తంతా రోగానికి కాపలా. సంస్కరణ కాదు, సమూల నిర్మూలన కావాలి. రాజీ అంటే ద్రోహం."

"గోడకు మొన్ననే సున్నం వేయించాను. నినాదాలు బయట రాసుకో."

అతని మొహం జేవురించింది. "మీ వేళ్ళే వంగితే ఇలా మాట్లాడేవారా?"

ఆమె లేచింది. వడకట్టిన గాలి తప్ప మరేదీ చొరబడని అద్దాల గదిలోంచి మూత బిగించిన పెట్టె ఒకటి తెచ్చింది. లోపల ఎలుక చురుగ్గా తిరుగుతోంది.

"నువ్వు బాగుచేసిందే. వసారాలోకి తీసుకెళ్ళి మూత తియ్యి. కాస్త ఎండ తగలనీ."

విసవిసా నడిచాడు. వసారా నిండా దుమ్ము, పావురాల రెట్టలు. మూత మీద చెయ్యి ఆగిపోయింది. ఆమధ్య గాలి వడపోత చెడిపోయినప్పుడు, చిన్న గీరుడుకే చీముపట్టి, మందు వేసిన ఎలుకలు చచ్చాయి. మందు తప్పు కాదు, గాలి తప్పు అనుకున్నాడు అప్పుడు.

"తియ్యవేం?" వెనకాలే వచ్చి అడిగింది.

"చచ్చిపోతుంది."

"ఏ రోగంతో?"

అక్క గుమ్మం ముందు మురుగుకాలువ కళ్ళకు కట్టింది. సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు. కోపం మాత్రం దిగలేదు.

"అయితే ఆ ప్రొటీన్‌ని అలాగే వదిలేయమంటారా?"

"లేదు. నిద్రలేచిన ఆ ప్రొటీనే, తనను తిరిగి కట్టేసే తాడు కూడా పేనుకుంటుంది. మీ అక్క ఒంట్లో ఆ తాడు ఎక్కడ తెగిందో వెతుకు."

"అందాకా? ఇవాళ వెళ్ళి అక్కకేం చెప్పను?"

"ఏమీ చెప్పకు. పాపకు జడ వెయ్యి."

"నాకు రాదు."

"నేర్చుకో. ఈ కోపంతో మరీ బిగించకు. పిల్లకు తల నొప్పెడుతుంది."