దూకడానికి వేరే వెల

ముసురు పట్టిందంటే గద్దలబోడు కొండ మీద గుహ దాటి ఎవరూ బయటికి రారు. పొద్దుపోదు. ఆ సంగతి కనిపెట్టిన నక్క, ఒక పలకరాయి మీద పులిజూదం గీతలు గీసి, ఎలుగుబంటి గుహ ముందు నిలబడింది.

"ఎలుగక్కా, ఒక్క తేనెపట్టు ఇచ్చుకో. వానాకాలమంతా ఆట నీదే."

ఆటకోసం ఎలుగు పిల్ల ఒకటే గోల. ఎలుగు పట్టు ఇచ్చి పలక పుచ్చుకుంది. తను చింతగింజల మేకల్ని తీసుకుని, పిల్లకు గులకరాళ్ల పులుల్నిచ్చింది. పిల్ల తన పులిని మేక మీదుగా దూకించబోయింది.

"ఆగమ్మా!" అంది నక్క. "పులి నడవడం వరకే మన బేరం. దూకడం వేరే."

"దూకని పులేంటి తమ్ముడూ? పిల్లి కన్నా హీనం కదా!"

"అందుకే మరి! ఇంకో చిన్న పట్టు ఇయ్యి. ఏనుగును కొన్నదానివి, అంకుశానికి వెనకాడతావా?"

పిల్ల మూతి ముడిచింది. ఎలుగు ఇంకో పట్టు ఇచ్చింది. పులి దూకింది, మేక చచ్చింది. తీరా చచ్చిన మేకను పలక మీంచి తీయబోతే, తీయడం కూడా వేరేనంది నక్క. కొసన ఉన్న గీతలు వేరేనంది. ఒక్కోదానికీ ఒక్కో పట్టు పోయింది. ఎలుగుకు ఒళ్లు మండింది. నక్క మీద కన్నా తన మీదే ఎక్కువ మండింది. మొదటి పట్టు పోతే పోయిందనుకోక, దాని వెనకాలే మిగతావన్నీ తోలేసింది మరి!

ఇక మిగిలింది బండసందులో ఉన్న పట్టు ఒక్కటే. వానలు వెలిసేదాకా పిల్ల కడుపుకు అదే ఆధారం. నక్క దాని మీదా కన్నేసింది.

"అక్కా, గెలుపొక్కటే మిగిలింది. ఆ పట్టు కూడా ఇచ్చావంటే, గెలిచినవాళ్లు గెలిచామని చెప్పుకోవచ్చు."

అప్పుడు ఎలుగుకు ఒక సంగతి తట్టింది. ఇంతవరకూ తేనెటీగల్ని తోలి, శుభ్రం చేసి, పట్లు చేతికిచ్చింది తనే. పట్టంటే ఈగల్లేకుండా అలాగే కాస్తుందనుకుంటోంది వెర్రి నక్క!

"తీసుకో తమ్ముడూ. అదిగో, బండసందులో."

వాన తెరిపిచ్చింది. నక్క లొట్టలేస్తూ వెళ్లి సందులో మూతి పెట్టింది. ఈగలు జుమ్మని లేచాయి. నక్క కుయ్యోమొర్రోమంటూ పరిగెత్తి, బురదగుంటలో పీకల్లోతు మునిగింది. మూతి బూరెలా పొంగింది.

"ఈగల సంగతి ముందే చెప్పొద్దూ అక్కా! వచ్చి తోలవే, నీ పుణ్యముంటుంది!"

"పట్టు వరకే మన బేరం తమ్ముడూ. ఈగల్ని తోలడం వేరే. నేనిచ్చిన పట్లన్నీ తిరిగి తెస్తానంటే చెప్పు."

చుట్టూ ఈగలు, మెడదాకా బురద. నక్క ఒప్పుకోక ఏం చేస్తుంది! ఎలుగు వచ్చి ఈగల్ని తోలింది. తిన్నవి పోగా మిగిలిన పట్లన్నీ ఎలుగు గుహకు చేరాయి. ఆ సాయంత్రం పలక మీద పిల్ల తన పులిని ఎవర్నీ అడక్కుండా దూకించింది.

నీతి: అమ్మేటప్పుడు సగం దాచుకున్నవాడు, కొనేటప్పుడు మొత్తం ఆశించకూడదు.