నూకరత్నం రిపోర్టు

కౌండిన్యకి మనుషుల మీద విసుగు పుట్టింది. చిన్నా చితకా విసుగు కాదు, చేతిలో ఉన్న ఫోను గోడకేసి కొట్టాలనిపించేంత.

గోదావరి జిల్లాలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో అతను కుర్ర డాక్టరు. మూడో నెల గర్భిణి రక్తం తీసి, అందులోని అణువుల లెక్క చూసి, ఏడో నెలలో ఎవరికి బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్ళొచ్చో ముందే చెప్పే పరీక్ష అక్కడికి కొత్తగా వచ్చింది. పట్టుబట్టి తెప్పించింది అతనే. ముప్పు ఉందని తేలినవాళ్ళు రోజూ రాత్రి ఓ చిన్న మాత్ర వేసుకుని, వారం వారం బీపీ చూపించుకుంటే గండం చాలావరకు తప్పించొచ్చు. అంతే పని. తీరా చూస్తే, ముప్పు ఉందని చెప్పిన తొమ్మిదిమందిలో ఐదుగురు మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఆ ఐదో మనిషి నూకరత్నం. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి కడుపు పండింది. నాలుగో నెల దాటకముందే మాత్ర మొదలుపెట్టాలి, ఇంకా నాలుగు రోజులే ఉంది. పొద్దుటినుంచీ మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి మొగుడు ఎత్తి, "రాదండి" అని పెట్టేశాడు.

ఇక ఉండబట్టలేక ఓపీ గదిలోకి వెళ్ళి మంగతాయారు గారి దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆవిడ అక్కడ ముప్ఫయ్యేళ్ళుగా పెద్ద డాక్టరు, అతనికి చెయ్యి పట్టుకుని పని నేర్పిన మనిషి. ఈ జనానికి చెప్పడం శుద్ధ దండగ అన్నాడు. నూకరత్నం అన్నిటికీ తలూపి, మాత్రల చీటీ బల్లమీదే వదిలేసి పోయిందన్నాడు. ఒళ్ళు హూనం చేసుకుని తెచ్చిన పరీక్ష మట్టిగొట్టుకుపోతోందన్నాడు.

ఆవిడ అంతా విని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, లేచొచ్చి పేషెంట్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. తన కుర్చీ అతనికి చూపించింది.

"నేను నూకరత్నాన్ని. ఆవేళ ఏం చెప్పావో అదే చెప్పు."

ఇదేం చోద్యమో అతనికి అర్థం కాలేదు. బయట నలభైమంది వరసలో ఉన్నారు. కాదనలేక కూర్చుని, అలవాటుగా రిపోర్టు చూస్తూ మొదలుపెట్టాడు.

"చూడమ్మా, నీకు ముప్పు ఎక్కువని వచ్చింది. ఏడో నెలలో బీపీ పెరగొచ్చు. ఫిట్స్ రావచ్చు. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణాపాయం. అందుకని..."

స్టూలు కిర్రుమంది. తలెత్తేసరికి ఆవిడ తలుపు దాటేసింది.

వస్తుందిలే అని కాసేపు చూశాడు. రాలేదు. బయట వరసలో గొణుగుడు మొదలైంది. ముసలావిడకి ఈ వయసులో ఇదేం ఆట అని లోలోపల తిట్టుకుంటూ వెతుక్కుంటూ వెళ్తే, గేటు దగ్గర తెల్లకోటుతోనే ఆటో ఎక్కి కూర్చుని ఉంది.

"మేడమ్, నేనింకా పూర్తి చెయ్యలేదు. మాత్రల సంగతి చెప్పనే లేదు."

"మాత్ర ఉందా?" అంది ఆవిడ. "ఎలాగూ పోతానన్నావు కదా అని ఇంటికి బయల్దేరాను."

ఆవిడ ఆటో దిగి, అతన్ని ఎక్కమని చేత్తో చూపించి, ఆ నలభైమందినీ చూడ్డానికి లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి కౌండిన్య నూకరత్నం ఇంటి గుమ్మంలో ఉన్నాడు. మొగుడు అడ్డంగా నిలబడ్డాడు. వెనకాల ఆమె, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో, గోడనానుకుని ఉంది. కౌండిన్య సంచిలోంచి రిపోర్టు తియ్యలేదు.

"దీనికి మందుందమ్మా," అన్నాడు.

నూకరత్నం మొగుణ్ణి పక్కకి తప్పించి, వచ్చి చెయ్యి చాచింది.