మనిషిని చూపించండి

మార్తాండ భూపతి ఏలే చిన్న రాజ్యంలో ఆయన తాతగారు పెట్టిపోయిన మంచి చట్టం ఒకటుండేది. ఎవరినైనా నిర్బంధిస్తే అయినవాళ్ళు సభలో విన్నపం పెట్టుకోవచ్చు. నిర్బంధించినవాడు ఆ మనిషిని తెచ్చి చూపించాలి, ఏ అధికారంతో పట్టి ఉంచాడో చెప్పాలి. చెప్పలేకపోతే వదిలెయ్యాలి.

ఒకనాడు గురవమ్మ అనే అద్దకపు పనిచేసే ఆవిడ సభకొచ్చింది.

"నా పెనిమిటి ఓబన్నను కొత్వాలు పట్టుకుపోయి నలభై రోజులైంది మారాజా. బతికున్నాడో లేడో చెప్పట్లేదు."

"ఆజ్ఞాపత్రం ఏదీ?" అన్నాడు రాజు.

"నాకెవరూ కాగితం ఇయ్యలేదు మారాజా."

"పత్రం లేదంటే నిర్బంధమే జరగలేదు. జరగనిదానికి విన్నపమేమిటి? కొట్టేశాం!"

సభ ఆహా అంది. ఆస్థాన విదూషకుడు అక్కిరాజుకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మెట్లు దిగుతూ రెండుసార్లు తూలడం చూశాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

వారం తిరక్కుండానే రాజుకే అవసరం పడింది. ఆస్థాన గాయని రంగనాయకి చెప్పకుండా తమ్ముడి ఊరు వెళ్ళిపోయింది.

"తమ్ముడే బంధించి ఉంటాడు. మా పేరున విన్నపం రాయి, ఈడ్చుకొద్దాం!" అన్నాడు రాజు.

"చిత్తం. వాడు తప్పించుకోకుండా గట్టిగా రాస్తాను" అని అక్కిరాజు కలం తీశాడు. 'ఎవరు ఎవరిని నిర్బంధించినా, పత్రం ఉన్నా లేకున్నా, రేపు మధ్యాహ్నానికి సభలో చూపించాలి. చూపించనివాడు ఎంతటివాడైనా తానే చెరలో కూర్చోవాలి.'

"ఎంతటివాడైనా! అదీ మాట!" అంటూ రాజు మురిసిపోయి ముద్ర వేశాడు.

మర్నాడు రంగనాయకి తనే వచ్చింది.

"నన్నెవరూ కట్టెయ్యలేదు ప్రభూ. నేను పాడుతుంటే తమరు గురకపెట్టారు. లేచాక, నిద్ర చెడగొట్టానని నన్నే తిట్టారు. ఇష్టపడే వెళ్ళాను."

"అయితే విన్నపం ఇక్కడితో సరి" అన్నాడు అక్కిరాజు. "ఇది తలుపు తీయించే చట్టం ప్రభూ, వెళ్ళిపోయినవాళ్ళను వెనక్కి లాక్కొచ్చేది కాదు."

రాజు నోరు తెరిచేలోగా అదే పత్రం పట్టుకుని కొత్వాలు వైపు తిరిగాడు.

"మధ్యాహ్నమైంది. ఓబన్న ఏడీ?"

"అది... ప్రభువుల నోటిమాట మీద..."

"అంటే బంధించింది ప్రభువులన్నమాట!" అక్కిరాజు వంగి దండం పెట్టాడు. "మహాప్రభూ, చెరసాలలో తమకు ఏ గది ఊడ్పించమంటారు?"

రాజు ముఖం కందిపోయింది. తాను వేసిన ముద్ర వంక చూసుకున్నాడు.

"తీసుకురండి వాణ్ణి!"

ఓబన్న వెలుతురు చూడలేక అరచెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని వచ్చాడు. గురవమ్మ పరుగున వెళ్ళి రెక్క పట్టుకుంది.

"ఏం నేరం?" అన్నాడు అక్కిరాజు.

"నవ్వాడు" గొణిగాడు కొత్వాలు. "ఊరేగింపులో పట్టపుటేనుగు ప్రభువుల తలపాగా లాగి నోట్లో పెట్టుకుంటే..."

"నవ్వకూడదని చట్టముందా?"

"లేదండి."

మూలనెవరో కిసుక్కుమన్నారు. ఏనుగు తలపాగా నమలడం గుర్తొచ్చి రాజుకే నవ్వాగలేదు. పొట్ట పట్టుకు నవ్వి, ఓబన్నను వదిలెయ్యమని, మెడలో ముత్యాలహారం తీసి అక్కిరాజుకు అందించబోయాడు.

అక్కిరాజు నవ్వలేదు. "హారం వద్దు ప్రభూ. చెరలో ఉన్నవాళ్ళ పేర్లు కావాలి, కారణాలతో సహా."

ఇరవైముగ్గురు తేలారు. తొమ్మిదిమందికి న్యాయాధికారి తీర్పుంది. వాళ్ళలో ఒక దొంగ, "నాకూ విన్నపం రాసిపెట్టండి బాబూ" అని బతిమాలాడు.

"నీకు విచారణ జరిగింది. తీర్పు తప్పయితే పై న్యాయాధికారికి చెప్పుకో. దానికి దారి వేరు" అన్నాడు అక్కిరాజు.

మిగతా పద్నాలుగు పేర్ల పక్కన ఏమీ రాసి లేదు. ఆ ఖాళీ చూసి రాజు నవ్వు ఆగిపోయింది.

"వదిలెయ్యండి" అన్నాడు మెల్లగా.

అక్కిరాజు చెరసాల గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అందరికన్నా వెనక ఒక ముసలాయన గోడ పట్టుకుంటూ వచ్చాడు.

"బాబూ, నన్నెందుకు పట్టుకున్నారో తమకేమన్నా తెలిసిందా?"

అక్కిరాజు ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.