జానెడు ఏనుగు

పేరమ్మ ఇంట్లో ఉన్నవి ఒక దీపం, ఒక తెల్ల పంచె, జానెడేసి తోలుబొమ్మలు నాలుగు. వసారాలో పంచెను తెరగా కట్టి ఆమె ఏనుగును ఆడిస్తే, దాని నీడ తెరంతా నిండేది. ఊరంతా అక్కడే కూర్చునేది. వంద దీపాలు పెట్టి జనాన్ని ఆవలింపజేసే ఆస్థాన బొమ్మలాట అధికారి భుజంగరాయుడికి అది విని ఒళ్ళు మండింది.

"ప్రభూ, పేరమ్మ ఆడించే అంత పెద్ద ఏనుగుబొమ్మ మన కోటలోంచి ఎత్తుకుపోయిందే అయ్యుంటుంది. ఆ దొంగను ఊరినుంచి వెళ్ళగొట్టండి" అన్నాడు రాజుతో.

రాజు పిలిపిస్తే పేరమ్మ దీపం, పంచె, ఏనుగుబొమ్మ పట్టుకుని సభకు వచ్చింది గానీ నోరు తగ్గలేదు. "ముందు చూడండి దొరా, తర్వాత వెళ్ళగొడుదురు గాని" అంది.

సభ తలుపులు మూయించి, పంచె కట్టి, వెనక దీపం పెట్టింది. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ జానెడే పడింది. దీపం దగ్గరికి జరిపేసరికి ఏనుగు తెరంతా నిండిపోయింది.

"ఆ బొమ్మలో ఏముంది?" అన్నాడు రాజు.

"ఏమీ లేదు దొరా. దీపం పక్కన నిలబడింది, అంతే. తమరి పక్కన నిలబడితే రాయుడుగారు మాకెంత పెద్దగా కనబడుతున్నారో, ఇదీ అంతే."

రాజు నవ్వాపుకోలేక, "రాయుడూ, కాస్త అటు జరుగు" అన్నాడు.

పేరమ్మ హమ్మయ్య అనుకుని, ఏనుగును కొంగున ముడేసుకుని ఇంటికి నడిచింది.